గోల్ వెనక నిలబడే మనిషి

విల్ఫ్ గార్‌సైడ్ ఏ జట్టుకీ అభిమాని కాడు. ఆ మాట చెబితే వాళ్ల ఊరు మార్ల్‌డెన్‌లో ఎవరూ నమ్మేవారు కాదు. ఆగస్టు నుంచి మే దాకా ఒక్క శనివారం కూడా ఆయన ఇంటిపట్టున ఉన్నది లేదు మరి. కూతురు లొరెయిన్ కారు నడుపుతుంటే పక్కన కూర్చుని, ఒళ్లో మ్యాపు పరుచుకుని, కొండల మధ్య ఎక్కడో ఉన్న చిన్న ఊరి ఫుట్‌బాల్ మైదానానికి బయలుదేరేవాడు. పోయిన వారం వెళ్లిన చోటికి ఈ వారం వెళ్లడు. గెలిచినా ఓడినా ఆయనకి పట్టదు.

అవి పేరున్న మైదానాలు కావు. ఒకచోట గోల్ వెనకే శ్మశానం. ఇంకోచోట మైదానం ఎంత ఏటవాలుగా ఉండేదంటే, రెండో సగంలో కిందికి ఆడే జట్టే ఎప్పుడూ గెలిచేది. థార్న్‌బీలో బంతి గోడ దాటితే గొర్రెలమందలో పడేది. కుక్క తోడు లేనిదే ఎవరూ తేవడానికి వెళ్లేవారు కాదు. ఎక్కడికి వెళ్లినా నూట యాభైమంది జనం, రేకుల షెడ్డు కింద టీ కొట్టు, మాంసం కూరి కాల్చిన 'పై' రొట్టెలు, గరగరమనే లౌడ్‌స్పీకరు.

విల్ఫ్ ముప్పై ఎనిమిదేళ్లు నేత మిల్లులో మగ్గాల మెకానిక్‌గా చేశాడు. ఆ మోతకి చెవులు సగం పోయాయి. మిల్లు మనుషులందరిలాగే ఆయనా ఎదుటివాళ్ల పెదాలు చూసి మాటలు పట్టేవాడు. రిటైరైన ఏడాది, ఎనభై ఎనిమిది సెప్టెంబరులో, ఓ రోజు లొరెయిన్‌ని అడిగాడు.

"శనివారం నీకేమన్నా పనుందా తల్లీ?"

"ఏం నాన్నా?"

"ఏదన్నా ఆట చూసొద్దామని."

లొరెయిన్ పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేసేది. ఆమె పెళ్లి మూడేళ్లే నిలిచింది. శనివారాలు ఖాళీయే. కానీ ఆ ఇంట్లో ఫుట్‌బాల్ మాట వినపడి ఏడేళ్లయింది. ఆమె ఆశ్చర్యపోయింది, అయినా ఎందుకని అడగలేదు. వెళ్లారు.

మైదానంలోకి అడుగుపెట్టగానే విల్ఫ్ ఆటగాళ్ల పేర్లున్న కాగితం కొని చూసేవాడు. తర్వాత నేరుగా వెళ్లి ఒక గోల్ వెనక ఇనుప కమ్మీ పట్టుకుని నిలబడేవాడు. సగం ఆట అయ్యేసరికి మైదానం చుట్టూ నడిచి రెండో గోల్ వైపు వెళ్లేవాడు. జట్లు వైపులు మారతాయి కాబట్టి, కదలకుండా ఉన్నా రెండో గోల్‌కీపర్ ఈ గోల్‌కే వస్తాడు. కానీ అందాకా ఆయన ఆగలేడు. మొదటి సగంలో ఒక కీపర్ వెనక నిలబడి, రెండో సగానికి ఇంకో కీపర్ అదే గోల్‌కి రాకముందే ఎదురెళ్లి, వాడు వైపు మారే దారిలో ముఖం చూసి, మళ్లీ తిరిగొచ్చేవాడు. ఎంత వాన పడనీ, ఎంత గాలి కొట్టనీ, ఇద్దరు కీపర్ల ముఖాలూ దగ్గర నుంచి చూడనిదే ఆయన మనసు కుదుటపడేది కాదు.

"ఆ నడక ఎందుకు నాన్నా? ఒకచోట నిలబడొచ్చుగా?"

"కాళ్లు బిగుసుకుపోకుండా."

నాలుగో మ్యాచ్‌కి గాని లొరెయిన్‌కి అర్థం కాలేదు. ఆ రోజు థార్న్‌బీ కీపర్ అంత పొడుగు కాడు. వాడు వీపు తిప్పి నిలబడ్డంతసేపూ నాన్న వేళ్లు కమ్మీ మీద తెల్లబడిపోయి ఉన్నాయి. బంతి తెచ్చుకోవడానికి వాడు వెనక్కి తిరిగాడు. ఎవరో కొత్త ముఖం. నాన్న వేళ్లు వదులయ్యాయి. జేబులోంచి రుమాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు.

నాన్న వెతుకుతున్నది రస్సెల్‌ని.

రస్సెల్ ఆమె తమ్ముడు. మూడేళ్లు చిన్న. వాడికి ఆరేళ్లప్పటి నుంచి విల్ఫ్ మిల్లు దిగగానే పెరట్లో నిలబెట్టి బంతులు విసిరేవాడు. పట్టుకుంటే మెచ్చుకునేవాడు కాదు. వదిలేస్తే మాత్రం వీధంతా వినపడేలా అరిచేవాడు. వాడు నిజంగానే మంచి గోల్‌కీపర్ అయ్యాడు. నగరంలోని పెద్ద క్లబ్బు తన కుర్రాళ్ల జట్టులో చేర్చుకుంది. పద్దెనిమిదేళ్లు నిండగానే, ఎత్తు చాలదని పంపించేసింది. విల్ఫ్ ఎవరెవరినో బతిమాలి మరో క్లబ్బులో ఒక రోజు ఆడి చూపించే అవకాశం ఇప్పించాడు. ఆ రోజు రస్సెల్ వెళ్లలేదు. ఓ అమ్మాయితో కలిసి సముద్రం ఒడ్డుకి పోయాడు.

ఆ రాత్రి భోజనం ముందు కూర్చుని విల్ఫ్ అన్న మాటలు లొరెయిన్‌కి ఇప్పటికీ పొల్లుపోకుండా గుర్తే. "పన్నెండేళ్లు నీ వెనక తిరిగాను. నాకు కొడుకు లేడనుకుంటా. ఈ గడప మళ్లీ తొక్కకు."

అమ్మ, ఎనిడ్, చేతిలో తుడుపుగుడ్డతో అలాగే నిలబడిపోయింది. తెల్లవారేసరికి రస్సెల్ మంచం ఖాళీ. ఆరు నెలలకి అమ్మ పేరున ఒక కార్డు వచ్చింది. 'బాగున్నాను. ఆడుతున్నాను. వెతకొద్దు.' తపాలా ముద్ర అలికిపోయి ఏ ఊరో తెలియలేదు.

ఎనభై మూడులో ఎనిడ్‌కి కడుపులో పుండు పెట్టింది. అది మంచిది కాదని డాక్టర్లు తేల్చారు. పత్రికలో ఒక ప్రకటన వేయించమని ఆమె భర్తని ఎన్నోసార్లు అడిగింది. విల్ఫ్ ఇవాళ రేపు అంటూ జరిపాడు. చివరికి ఆమె మాట పడిపోయిన వారం తనే స్టేషను పక్కనున్న పత్రికాఫీసుకి పరుగెత్తాడు. ప్రకటన అచ్చయింది ఆమెని పాతిపెట్టిన మర్నాడు.

ఆ తర్వాత ఐదేళ్లు ఆ ఇంట్లో రస్సెల్ పేరు ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు కూడా తను ఎవరికోసం తిరుగుతున్నాడో విల్ఫ్ చెప్పడు, లొరెయిన్ అడగదు. కాగితంలో గార్‌సైడ్ అనే పేరు లేకపోయినా ఆయన కమ్మీ వదలడు. పేరు మార్చుకుని ఉండొచ్చుగా. ముఖం మార్చుకోలేడుగా.

ఆ శనివారాల్లో దుఃఖమే ఉండేదంటే అది అబద్ధమవుతుంది. అమ్మ పోయాక తండ్రీకూతుళ్లు నోరారా మాట్లాడుకున్నది ఆ కారులోనే. విల్ఫ్ మ్యాపు తలకిందులుగా పట్టుకుని దారి చెప్పేవాడు.

"ఎడమకి తిరుగు."

"ఎడమకి నది ఉంది నాన్నా."

"పోయినసారి లేదే!"

"పోయినసారి మనం ఇటు రాలేదు."

"మరి అదే చెబుతున్నా, కొత్త నది."

ఒక ఊళ్లో పై రొట్టె కొరికి, "ఇందులో మాంసం ఉందంటావా?" అని లొరెయిన్ అడిగితే, "ఉండేది. మొదటి సగంలో వదిలేసి వెళ్లిపోయినట్టుంది" అన్నాడు. ఆ మాటకి టీ కొట్టువాడే ముందు నవ్వాడు. అలా ఐదేళ్లు గడిచాయి. విల్ఫ్ డెబ్భైకి చేరాడు. మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. అయినా సగం ఆటకి ఆ నడక మాత్రం మానలేదు.

తొంభై మూడు అక్టోబరులో కోల్డ్‌బెక్ వెళ్లారు. నాన్న గోల్ వెనక ఉండగా లొరెయిన్ టీ కోసం కొట్టు దగ్గరికి వచ్చింది. కొట్టులో హిల్డా అనే లావుపాటి పెద్దావిడ ఉంది. మనిషి అందరినీ బంగారం అని పిలుస్తోంది.

"ఏం కావాలి బంగారం?"

"రెండు టీలు, ఒక పై రొట్టె."

"అదిగో, గోల్ వెనకున్న ఆ పెద్దాయన మీ నాన్నా?" హిల్డా కెటిల్ వంచుతూ అటే చూసింది. "వచ్చినప్పటి నుంచి చూస్తున్నా. ఆ దవడ, ఆ తల వంచి నిలబడ్డం... అచ్చం మా రస్‌ని చూసినట్టే ఉంది."

లొరెయిన్ లెక్కపెడుతున్న చిల్లర బల్లమీద పెట్టేసింది. "రస్ ఎవరండీ?"

"రస్ హోల్ట్. నాలుగేళ్లు మాకు గోల్ కాశాడు. పిల్లిలా దూకేవాడు. మోకాలు విరిగింది పాపం, ఎనభై ఏడులో. మళ్లీ ఆడలేదు. ఇప్పుడు స్కార్‌హోమ్‌లో చేపల లారీ నడుపుతున్నాడు. క్రిస్మస్‌కి నాకు కార్డు వేయకుండా ఉండడు. మంచి పిల్లాడు."

హోల్ట్ అన్నది అమ్మ పుట్టింటి పేరు.

లొరెయిన్ రెండు టీలూ పట్టుకుని నిలబడిపోయింది. టీ అమ్మే ఆవిడకి ఏటా కార్డు వేసినవాడు ఇంటికి ఒక్కటే వేశాడు. అంతకన్నా గుండె కోసిన సంగతి ఇంకోటి. నాన్న వెతకడం మొదలుపెట్టింది ఎనభై ఎనిమిదిలో. రస్సెల్ ఆడటం మానేసింది ఎనభై ఏడులో. ఈ ఐదేళ్లలో నాన్న వెనక నిలబడిన ఏ గోల్‌లోనూ రస్సెల్ ఉండే వీలే లేదు.

చిరునామా రాయించుకుంది. నాన్నకి చెప్పలేదు. ముందు వాడు అవునో కాదో చూడాలి.

మంగళవారం సెలవు పెట్టి ఒక్కతే స్కార్‌హోమ్ వెళ్లింది. తలుపు తీసినవాడు భుజాలు బరువెక్కి, గడ్డం పెంచి, ఒక కాలు ఈడుస్తున్నాడు. కళ్లు మాత్రం అమ్మవి. లోపల ఓ చిన్నపిల్ల ఏదో పాట పాడుతోంది. రస్సెల్ తలుపు దగ్గరికి లాగి పెరట్లోకి నడిచాడు.

"నువ్వొచ్చినట్టు అమ్మకి తెలుసా?" అన్నాడు. అదే వాడి మొదటి మాట.

వాడికి తెలియదన్న ఆలోచనే దారి పొడుగునా ఆమెకి రాలేదు.

"రస్సెల్... అమ్మ పోయి పదేళ్లయింది రా."

చేపల పెట్టె ఒకటి బోర్లించి ఉంటే దానిమీద కూర్చుండిపోయాడు. ఏడవలేదు. "నాకు చెప్పలేదేం?" అన్నాడు.

"ఎక్కడికని చెప్పాలి? నువ్వెక్కడున్నావని?"

"నేను డబ్బు కూడబెట్టుకుని, పెద్ద జట్టులో చేరి వద్దామనుకున్నా. ఆయన ముందు నిలబడి చూపిద్దామని. తర్వాత మోకాలు పోయింది. ఇక ఏం చూపించను?" తల ఎత్తాడు. "ఆయనకి నేను గుర్తున్నానా అసలు?"

అప్పుడు లొరెయిన్ చెప్పింది. గొర్రెల గురించి, శ్మశానం గురించి, వానలో కమ్మీ పట్టుకుని నిలబడటం గురించి. ప్రతి గోల్‌కీపర్ ముఖమూ చూడటం గురించి. రస్సెల్ వింటూ వింటూ చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

"నాన్నకి చెప్పకు," అన్నాడు చివరికి. "నేనే వస్తా. నువ్వు చెబితే ఆయనే ఇక్కడికి వచ్చేస్తాడు. అలా వద్దు. నేను నా కాళ్లమీద వెళ్లాలి. కొంచెం టైమివ్వు లొరెయిన్. ఒట్టు వెయ్."

ఆమె ఒట్టు వేసింది.

ఆ చలికాలమంతా ఆమె ఆ ఒట్టు మోసింది. ప్రతి శనివారం నాన్నని ఏదో ఒక మైదానానికి తీసుకెళ్లడం, ఆయన ఎవరో ముక్కూముఖం తెలియని కుర్రాడి వీపు వంక ఆశగా చూడటం, వాడు తిరగగానే రుమాలు తీయడం. ఆమె పక్కనే ఉండేది. అక్కడ లేడు నాన్నా, ఇంటికి పోదాం పద అని గొంతు దాకా వచ్చేది. "ఈ వారానికి మానేద్దాం, మంచు పడేలా ఉంది" అని చూస్తే, "నువ్వు ఉండిపో తల్లీ, నేను బస్సులో పోతా" అనేవాడు. మూడుసార్లు రస్సెల్‌కి ఫోను చేసింది. మూడుసార్లూ వచ్చే నెల అన్నాడు.

మార్చిలో మాట ఇచ్చాడు. ఎల్లర్టన్ మైదానం, రెండో శనివారం. ఇద్దరి ఊళ్లకీ సరిగ్గా మధ్యలో ఉంటుంది.

ఆ రోజు ఎముకలు కొరికే చలి. ఆట మొదలైన ఐదు నిమిషాలకి టోపీ దించుకుని రస్సెల్ కుంటుకుంటూ వచ్చాడు. విల్ఫ్‌కి అటుపక్క లొరెయిన్, ఇటుపక్క వాడు. ముగ్గురూ ఒకే కమ్మీకి ఆనుకుని నిలబడ్డారు.

"చలి బాగా ఉంది కదండీ," అన్నాడు రస్సెల్.

విల్ఫ్ తిరిగి వాడి పెదాలకేసి చూశాడు. "ఏమిటి?"

"చలి అంటున్నా."

విల్ఫ్ కాసేపు అలాగే చూశాడు. "మార్చి వచ్చిందని ఎల్లర్టన్‌కి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు," అని మళ్లీ ఆటవైపు తిరిగాడు.

ఇరవై నిమిషాలకి ఎదుటి జట్టు గోల్ కొట్టింది. ఎల్లర్టన్ కీపర్, పంతొమ్మిదేళ్ల కుర్రాడు, గీత మీదే రాయిలా ఉండిపోయాడు.

"రెండడుగులు ముందుకొస్తే అందేది," అన్నాడు రస్సెల్.

"రాడు," అన్నాడు విల్ఫ్. "చిన్నప్పుడు ఎవడో వెనక నుంచి అరిచి ఉంటాడు వీడిమీద. తప్పు చేసినప్పుడల్లా అరిస్తే గోల్‌కీపర్ గీత దాటడు. బంతి కన్నా అరుపుకే ఎక్కువ భయపడతాడు."

రస్సెల్ కమ్మీని గట్టిగా పట్టుకున్నాడు. "మీకు గోల్‌కీపర్ల సంగతి బాగా తెలిసినట్టుందే."

"ఒకడి సంగతి తెలుసు. నాకంటే మంచివాడు."

ఇప్పుడు చెబుతాడు, ఇప్పుడు చెబుతాడు అనుకుంది లొరెయిన్. రస్సెల్ పెదాలు కదిలాయి. మాట రాలేదు. కళ్లెత్తి నాన్న తలమీదుగా ఆమెకేసి చూశాడు. చెప్పకు అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆమె నోరు మూసుకుంది.

సగం ఆటకి విల్ఫ్ కదల్లేదు. ఇన్నేళ్లలో మొదటిసారి రెండో కీపర్ ముఖం చూడటానికి వెళ్లలేదు. కాళ్లు నొప్పులేమో అనుకుంది లొరెయిన్. రస్సెల్ వెళ్లి ముగ్గురికీ టీలు తెచ్చాడు. విల్ఫ్ రెండు చేతులతో అందుకున్నాడు. ఆట పూర్తయ్యేదాకా ఆ ఇద్దరూ గాలి గురించీ, బురద గురించీ, కీపర్ చేతి తొడుగుల గురించీ మాట్లాడుకున్నారు. చివరి ఈల ఊదాక విల్ఫ్ తొడుగు విప్పి ఒట్టి చెయ్యి చాచాడు. రస్సెల్ పట్టుకున్నాడు. ఇద్దరిలో ఎవరూ తొందరగా వదల్లేదు.

"దారి జాగ్రత్త," అన్నాడు విల్ఫ్.

"మీరూ జాగ్రత్తండీ."

కారులో విల్ఫ్ మ్యాపు తెరవలేదు. కొండ దిగాక, "మంచి మనిషి," అన్నాడు. అంతే.

ఆ వారం రస్సెల్ ఫోను ఎత్తలేదు. శనివారం పన్నెండు గంటలకి లొరెయిన్ కారు తీసుకుని వెళితే, నాన్న బూట్లు వేసుకోకుండా, ఇంటి చెప్పులతోనే కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది."

"మరి పద. టైమవుతోంది."

"ఇంక వెళ్లే పనేముంది తల్లీ?" అన్నాడు విల్ఫ్. కిటికీలోంచి వీధివైపు చూస్తున్నాడు. "వాడిది కుడి మోకాలేనా పోయింది?"

లొరెయిన్ ఆయన కోటు అందుకోబోతున్నదల్లా ఆగిపోయింది. తర్వాత బల్ల అంచు పట్టుకుని కూర్చుంది. ఏడుస్తూనే అన్నీ చెప్పింది. హిల్డా, స్కార్‌హోమ్, ఒట్టు, అన్నీ.

"ఎప్పుడు గుర్తుపట్టావు నాన్నా?"

"చలి అన్నాడే, అప్పుడే. వాడి నోరు చూడకుండా నేను వినలేనుగా. ఆ మాట అనేటప్పుడు వాళ్లమ్మలాగే కింది పెదవి ఒక పక్కకి పోతుంది."

"మరి ఎందుకు మాట్లాడలేదు?"

"గడప తొక్కొద్దని అన్నది నేను. వాడు అంత దూరం వచ్చాడు, ఆ కాలు మీద గంటన్నర నిలబడ్డాడు. చెప్పాలనుకుంటే చెప్పేవాడే. చెప్పలేదంటే, నన్ను చూసిపోదామని వచ్చాడు. అంతకన్నా అడిగే హక్కు నాకెక్కడుంది?"

"వాడికి భయం నాన్నా!"

"నాక్కూడా," అన్నాడు విల్ఫ్.

ఆ నిమిషమే ఆమె హాల్లోకి పోయి ఫోను అందుకుంది. ఈసారి రస్సెల్ ఎత్తాడు. ఆమె అంతా చెప్పింది.

"మొదట్లోనే గుర్తుపట్టాడా? గుర్తుపట్టి, గంటన్నర నోరు విప్పలేదా?"

"నువ్వు విప్పావా?"

"నేను వెళ్లాను కదే! పదమూడేళ్ల తర్వాత నేను వెళ్లాను. పేరు పెట్టి పిలిస్తే చాలు, కాళ్లమీద పడేవాణ్ణి. ఆయనకి ఇప్పటికీ కొడుకు లేడు, అంతేగా?"

"అలా కాదు రా, ఆయన అనుకున్నదేమిటంటే—"

ఫోను పెట్టేశాడు.

ఏప్రిల్, మే, జూన్. ఒకే మౌనాన్ని తండ్రి ఒకలా అర్థం చేసుకున్నాడు, కొడుకు ఇంకోలా. లొరెయిన్ మార్ల్‌డెన్‌కీ స్కార్‌హోమ్‌కీ మధ్య తిరిగింది. ఇతని మాట అతనికి చేర్చేలోపల అది రంగు మారిపోయేది. "వాణ్ణి బలవంతపెట్టకు" అని విల్ఫ్ అంటే, రస్సెల్ చెవికి అది అక్కర్లేదన్నట్టు వినిపించేది. "ఆయన పిలిస్తే వస్తా" అని రస్సెల్ అంటే, విల్ఫ్‌కి అది మర్యాదకన్న మాటలా తోచేది. రస్సెల్ భార్య టీనా ఒకసారి విసిగిపోయి, "మీ ఇంట్లో నోళ్లు తినడానికే ఇచ్చినట్టున్నాడు దేవుడు" అంది.

జూలై చివర్లో విల్ఫ్‌కే ఏమనిపించిందో, "కొత్త సీజన్ మొదలవుతుందిగా. ఆగస్టు ఇరవైన ఎల్లర్టన్‌లో మ్యాచ్ ఉంది," అన్నాడు. "నేను అక్కడ ఉంటానని వాడికి చెప్పు. ఊరికే చెప్పడం కాదు. రమ్మన్నానని చెప్పు. నాన్న రమ్మన్నాడని, ఆ మాటే చెప్పు."

లొరెయిన్ ఆ మాటే చెప్పింది. ఫోనులో రస్సెల్ ఏడవడం ఆమె మొదటిసారి విన్నది. "వస్తా. కిర్‌స్టీని కూడా తెస్తా. తాతకి చూపిస్తా," అన్నాడు.

మనవరాలు వస్తోందని విల్ఫ్ క్షవరం చేయించుకున్నాడు. ఏడేళ్ల పిల్లకి పై రొట్టె పెట్టొచ్చా, లేక వేడికి నోరు కాలుతుందా అని రెండుసార్లు అడిగాడు.

ఆగస్టు పదహారు, మంగళవారం ఉదయం, పనికి వెళుతూ లొరెయిన్ పాలు ఇవ్వడానికి ఆగింది. నాన్న మెట్ల కింద ఒరిగి ఉన్నాడు. ఒక కాలికి బూటు ఉంది, రెండోది చేతిలో ఉంది. ఒళ్లు అప్పటికే చల్లబడింది.

శవపెట్టెని మోయడానికి రస్సెల్ ముందు వరసలో నిలబడ్డాడు. ఇంకెవరైనా పడతారులే అని మిల్లు స్నేహితులు చెప్పినా వినలేదు. వాడు కుంటినప్పుడల్లా పెట్టె ఒక పక్కకి వంగేది. పక్కనున్నవాళ్లు అడుగులు చిన్నవి చేసుకుని వాడితో కలిసి నడిచారు.

ఇంటికి వచ్చాక జనం టీలు తాగి, హామ్ శాండ్‌విచ్‌లు తిని, ఒక్కొక్కరే వెళ్లిపోయారు. రస్సెల్ మాత్రం చాలాసేపు వాకిట్లోనే నిలబడ్డాడు. టీనా, కిర్‌స్టీ లోపలికి వెళ్లినా వాడు గుమ్మం దాటలేదు. లొరెయిన్ బయటికి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"రా. నిన్ను రమ్మన్నాడుగా."

అప్పుడు లోపలికి వచ్చాడు. వంటగదిలోంచి పెరటి మెట్టు మీదికి వెళ్లి కూర్చున్నాడు. ఆమె పక్కన కూర్చుంది.

"చలి అన్నప్పుడే గుర్తుపట్టాడన్నావు కదా," అన్నాడు. "అంటే, ఆ తర్వాత నాతో మాట్లాడిందంతా నాతోనే."

"అవును."

"గోల్‌కీపర్ మీద అరవడం గురించి అన్నాడే. అది కూడా?"

"అది కూడా రా."

రస్సెల్ మోకాలు రుద్దుకున్నాడు. "క్షమాపణ చెప్పాడన్నమాట. నేను ఆ కుర్ర కీపర్ గురించి అనుకున్నా." "ఒక్కమాట అని ఉంటే లొరెయిన్. నేను గానీ, ఆయన గానీ. ఒక్కమాట."

"నేను గానీ," అంది లొరెయిన్.

వాడు ఆమెకేసి చూశాడు. కాదనలేదు. కాదని ఉంటే బాగుండునని ఆమెకి అనిపించింది. వాళ్లిద్దరికీ ఎదుటివాడి మనసు తెలియదు, తనకి ఇద్దరిదీ తెలుసు; ఆ కమ్మీ దగ్గర ఒట్టు మరిచి ఒక్క కేక వేసి ఉంటే, ఎంత గొడవ జరిగినా ఆ రోజే జరిగిపోయేది. ఐదు నెలలు మిగిలేవి. ఈ మాటలేవీ ఆమె పైకి అనలేదు. తమ్ముడి వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది.

లోపలినుంచి కిర్‌స్టీ వచ్చి, గోడమీదున్న ఫొటోలో ముసలాయన ఎవరని అడిగింది. లొరెయిన్ ఆ పిల్లని దగ్గరికి తీసుకుని, "మీ తాత. పేరు విల్ఫ్," అంది.

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

పిల్ల ఇద్దరి ముఖాలూ చూసి, బిస్కెట్ తీసుకుంటానని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు తెల్లవారుజామునే లారీ ఎక్కాలని, చీకటి పడకముందే వాళ్లు బయలుదేరారు. కారు వీధి మలుపు తిరిగేదాకా లొరెయిన్ గుమ్మంలో నిలబడింది. తర్వాత లోపలికి వచ్చి, బల్లమీద మిగిలిన కప్పులన్నీ తెచ్చి, ఒక్కొక్కటే కడగడం మొదలుపెట్టింది.